వెంట్రుక కదలని చల్లదనం

ఆ గదిలో ఫ్యాను ఉంది. దాని రెక్కలు తిరగడం మాత్రం ఎవరూ చూడలేదు. స్విచ్చి మీద అడ్డంగా అంటించిన నల్ల టేపు పాతబడి అంచులు లేచినప్పుడల్లా దాని మీద కొత్త టేపు పడింది. రెక్కల మీది దుమ్ము కూడా కదలకుండా కూర్చోవడం నేర్చుకుంది.

మేడ మీది ఆ గదిలో కూర్చుని ఆమె విగ్గులు అల్లుతుంది. వీధిలో అందరూ ఆమెను జుట్టక్క అంటారు. ఎదురుగా బల్లకు బిగించిన చెక్క తల. దాని మీద సన్నని దారపు వలతో కుట్టిన టోపీ. చేతిలో చేపల గాలం కన్నా చాలా చిన్న కొక్కెం ఉన్న సూది. వల కన్నంలోంచి వెంట్రుకను లాగి, ముడివేసి, పక్క కన్నంలోకి వెళ్తుంది. తల వెనక భాగంలో మూడేసి, నడినెత్తిన రెండేసి. నుదుటి దగ్గరకు వచ్చేసరికి ఒక్కొక్కటే. మనిషి ముఖం మొదలయ్యేది అక్కడే కనక అక్కడ తొందర పనికిరాదంటుంది ఆమె. ఒళ్ళో పరుచుకున్న తెల్లగుడ్డ మీద రంగుల వారీగా విడదీసిన కుచ్చులు పడుకుని ఉంటాయి. చిన్న గాలి వచ్చిందంటే అవన్నీ కలిసిపోతాయి. కలిసిన వెంట్రుకల్ని విడదీయడం కన్నా వాన చినుకుల్ని విడదీయడం సులువు. అందుకే ఫ్యానుకు టేపు. అందుకే ఆమె ఊపిరి కూడా పక్కకు తిరిగి వదులుతుంది.

"మా ఇంట్లో గాలి కూడా చెప్పులు బయట విడిచి రావాలి," అంటాడు ఆమె భర్త.

ఆయన బస్సు డ్రైవరుగా చేసి ఇంటికొచ్చిన మనిషి. ఏళ్ళ తరబడి ఇంజను పక్కన కూర్చుని, వినికిడిలో సగం దానికే ఇచ్చేసి వచ్చాడు. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, గిన్నెలు గట్టిగా పెడతాడు. జుట్టక్క పనిగది గుమ్మం దగ్గరకు వచ్చేసరికి మాత్రం గొంతు సగానికి దించుతాడు. అది ఆ గది కట్టుబాటు. అక్కడ ఎవరూ గొంతు పెంచరు.

ఆ కట్టుబాటు ఊరికే రాలేదు. పెళ్ళికి ముందు జుట్టక్క ఒక నాటకాల కంపెనీలో గడ్డాలు, మీసాలు కట్టేది. మేకప్ గది ఎప్పుడూ అరుపులమయం. రాజుగారి మీసం ఎక్కడ, రాక్షసుడి జడ ఎక్కడ అని. అలాంటి రోజుల్లోనే ఆమె సొంత అక్కకు జబ్బు చేసింది. మందుల వేడికి జుట్టంతా రాలిపోయింది. అక్క అద్దాలన్నిటి మీదా దుప్పట్లు కప్పింది. చెల్లెలు ఒక విగ్గు అల్లి తీసుకెళ్ళి, తలుపు మూసి, అక్క తలకు పెట్టింది. అక్క చాలాసేపు అద్దం ముందు కూర్చుని, పెదవులు మాత్రమే కదిపి ఏదో అంది. పక్కింట్లో ఎవరో మిక్సీ వేసుకుంటున్నారు. ఆ మాట చెల్లెలికి వినపడలేదు. "ఏంటక్కా?" అని అడిగింది. అక్క తల అడ్డంగా ఊపింది. కొన్ని మాటలు ఒక్కసారే వస్తాయి. అక్క బతికి బాగానే ఉంది గానీ, ఆ మాట ఏమిటో ఇప్పటికీ గుర్తు లేదంటుంది.

అప్పటి నుంచి జుట్టక్క నాటకాల వైపు వెళ్ళలేదు. జబ్బుల వల్ల జుట్టు పోయినవాళ్ళకే అల్లుతుంది. వాళ్ళు మెట్లెక్కి వస్తారు, తలుపు మూస్తారు, గరుకు గాజు కిటికీ రెక్కలు మూస్తారు, అప్పుడు తలగుడ్డ విప్పుతారు. విప్పిన తలతో మనిషి గట్టిగా మాట్లాడలేడు. గుసగుసగా చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్ళకు చెప్పనివి, డాక్టరుకు చెప్పడం మరిచిపోయినవి. జుట్టక్క వింటూ ముడి వేస్తుంది. గుమ్మం బయట కుర్చీలో ఇంకొకరు తమ వంతు కోసం కూర్చుని ఉంటారు. లోపలి మాట వాళ్ళ దాకా పోకూడదు.

ఇదంతా బాగానే ఉంది, ఒక్క ఎండాకాలంలో తప్ప. మూసిన గది, పైన కాలే డాబా. చెమట తడికి వెంట్రుకలు వేళ్ళకు అంటుకుంటాయి, ముడి జారిపోతుంది. ఏటా ఎండలు ముదరగానే ఆమె చెక్క తలకు గుడ్డ కప్పి, వానలొచ్చేదాకా పని ఆపేసేది. ఏసీ పెట్టించమని డ్రైవరు ఎన్నోసార్లు చెప్పాడు. "ఆ హోరులో వాళ్ళేం మాట్లాడతారు, నేనేం వింటాను? పైగా అది ఊదితే నా వెంట్రుకలు పొరుగూరు చేరతాయి," అని ఆమె కొట్టిపారేసేది.

ఆ ఏడు మాత్రం, ఎండలు మొదలవుతున్నప్పుడే, లెక్కల టీచరు వచ్చింది.

నడివయసు మనిషి. వైద్యం వల్ల జుట్టుతోపాటు గొంతు కూడా సన్నబడింది. పక్కన కూర్చుంటే తప్ప మాట అందదు. బ్యాగులోంచి ఒక కవరు తీసింది. జుట్టు రాలడం మొదలైన రోజు కత్తిరించి దాచుకున్న కుచ్చు అందులో ఉంది. నలుపే, కానీ లోపల ఎక్కడో కాస్త గోధుమ ఛాయ.

"సరిగ్గా ఇలాగే కావాలక్కా. చెవుల పైన తెల్ల వెంట్రుకలు ఉండేవి నాకు. అవి కూడా పెట్టండి."

"అందరూ తెల్లవి వద్దంటారు. మీరేంటండీ అడిగి మరీ పెట్టించుకుంటున్నారు?"

"పిల్లలు నన్ను చూడగానే మా టీచరే అనుకోవాలి. కొత్తావిడ వచ్చింది అనుకోకూడదు."

బడి తెరిచేది వానల కన్నా ముందు. ఎండలు దిగకముందే ఆవిడ క్లాసులో నిలబడాలి. గుడ్డ కట్టుకుని మాత్రం వెళ్ళనని, అంతకన్నా ఉద్యోగం మానేస్తానని చెప్పింది. ఆ మాట బెదిరింపులా లేదు, లెక్క చివర రాసిన జవాబులా ఉంది. కొలతలు తీసుకుంటుండగానే మూసిన గదిలో ఆవిడకు కళ్ళు తిరిగాయి. జుట్టక్క తలుపు తెరిచి, నీళ్ళిచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టింది. ఆవిడ వెళ్ళాక ఆ కవరును బల్ల సొరుగులో దాచింది.

"ఏమండీ," అంది సాయంత్రం, భర్త వింటున్నాడో లేదో చూసుకుని. "ఏసీ కొందాం."

డ్రైవరు చెయ్యి చెవి వెనక పెట్టుకున్నాడు. "మళ్ళీ చెప్పు. నాకు వేరేలా వినపడింది."

"సరిగ్గానే వినపడింది."

మర్నాడు ఇద్దరూ సామాన్ల షాపుకు వెళ్ళారు. జనం రాకముందే, పక్కన టీవీలు మోగకముందే వెళ్ళాలని ఆమె పట్టుబట్టింది. సేల్స్‌మన్ అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు. గది ఎంతుందని అడిగితే ఆమె వెంటనే చెప్పింది. తలలు కొలిచే టేపుతోనే గోడలు కొలుచుకొచ్చింది.

"గోడకు తగిలించే స్ప్లిట్ ఏసీ చూపించమంటారా? చప్పుడు ఇంకా తక్కువ," అన్నాడు సేల్స్‌మన్.

"దాని రెండో పెట్టె పెట్టుకోవడానికి మాకు బయట చోటు లేదు. మాకు అద్దెకిచ్చిన ఇంటామె డాబా మీద పెట్టనివ్వదు," అన్నాడు డ్రైవరు. "విండో ఏసీయే చూపించు. పెద్దది. బండికైనా పెద్ద ఇంజనే మేలు."

"వద్దు బాబాయ్. మీ గదికి ఒక టన్ను చాలు. పెద్దది పెడితే చటుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, గది వేడెక్కగానే మళ్ళీ ధడేల్మని మొదలవుతుంది. ఆగినప్పుడో చప్పుడు, మొదలైనప్పుడో చప్పుడు. కరెంటు కూడా దండగ. ఇన్వర్టరు రకం తీసుకోండి. చల్లబడ్డాక పూర్తిగా ఆగదు, వేగం తగ్గించుకుని సన్నగా నడుస్తూ ఉంటుంది."

"అంటే ఖాళీ రోడ్డు మీద గేరు మార్చకుండా పోతున్నట్టు."

"అదే బాబాయ్. ఈ స్టిక్కరు మీద స్టార్లు చూశారా? అయిదు ఉంటే కరెంటు తక్కువ తాగుతుంది."

అయిదు స్టార్లున్నవి నాలుగు రకాలు తేలాయి. ఒక్కొక్కటే ఆన్ చేయించారు. మొదటిదానికే డ్రైవరు చేతులెత్తేశాడు. "అసలు చప్పుడే లేదు! ఇదే ఇచ్చెయ్యి."

"మీకు లారీ వచ్చి గుద్దినా చప్పుడుండదు. మీరు కాసేపు అలా కూర్చోండి," అని జుట్టక్క ఒక స్టూలు లాక్కుని ఏసీ పక్కన వేసుకుంది. సేల్స్‌మన్‌ను ఎదురుగా ఇంకో స్టూలు మీద కూర్చోమంది. తన బల్ల వెడల్పు ఎంతో అంతే దూరంలో. తర్వాత కొంచెం ముందుకు వంగి, పెదవులు దాటీ దాటని గొంతుతో ఏదో అంది.

"ఏమన్నారమ్మా?"

"ఇది వద్దు. పక్కది వేయండి."

రెండోదాని ముందూ అదే. మూడోది మొదట నెమ్మదిగానే ఉంది గానీ, కాసేపటికి లోపల ఏదో రేకు సన్నగా వణికింది. సేల్స్‌మన్ నవ్వు ఆపుకోలేకపోయాడు. "అమ్మా, మీరు ఏసీ కొనడానికి వచ్చారా, నాకేదైనా రహస్యం చెప్పడానికి వచ్చారా?"

"రెండూ," అంది ఆమె నవ్వకుండా.

నాలుగోదాని ముందు ఆమె అదే మాట, అదే గొంతుతో అంది. ఈసారి సేల్స్‌మన్ ముఖంలో నవ్వు ఆగిపోయింది. స్టూలు మీద సర్దుకుని కూర్చుని, తనూ గొంతు తగ్గించి అడిగాడు.

"దేనికమ్మా భయం?"

జుట్టక్క పనిగదిలో అన్నిటికన్నా ఎక్కువగా వినపడే మాటే ఆమె అంది. 'నాకు భయంగా ఉంది.' జుట్టక్క లేచి నిలబడింది. "ఇది వినపడనిస్తోంది," అంది.

అప్పుడు పర్సులోంచి కాగితం మడత తీసి, అందులోని ఒక పొడుగాటి వెంట్రుకను చూపుడు వేలికి చుట్టి, ఏసీ ముందు వేలాడదీసింది. అది జెండాలా లేచి కొట్టుకుంది. ఆమె ముఖం ముడుచుకుంది. సేల్స్‌మన్ గాలి రెక్కల్ని పైకి తిప్పాడు, ఫ్యాను వేగం అన్నిటికన్నా కిందికి తగ్గించాడు. గాలి నిటారుగా పైకెళ్ళి, కప్పు కింద విచ్చుకుని, బరువెక్కి, ఎవరూ చూడకుండా దిగింది. వెంట్రుక నెమ్మదించింది. ఒకసారి ఊగి, నిలిచిపోయింది.

"ఇంతకాలం నుంచి అమ్ముతున్నాను గానీ, ఏసీని వెంట్రుకతో తూచినవాళ్ళని చూడలేదు," అన్నాడు సేల్స్‌మన్.

"మా ఆవిడ నన్ను కూడా అలాగే ఎంచుకుంది," అన్నాడు డ్రైవరు దూరం నుంచి, అందరికీ వినపడేలా.

మెకానిక్ వచ్చిన రోజు డ్రైవరుకు పండగే. నట్లు అందించాడు, నిచ్చెన పట్టుకున్నాడు, సలహాలిచ్చాడు. ఎవరూ చెప్పకుండానే డాబాకు తెల్లసున్నం కొట్టేశాడు, ఎండ కాస్త వెనక్కి పోతుందని. మీటరు దగ్గర నుంచి లావుపాటి తీగ వేరుగా వేశారు. గదికి ఉన్నది ఒక్కటే కిటికీ. మెకానిక్ గరుకు గాజు రెక్కలు ఊడదీసి గోడకు ఆనించాడు. చెక్క చట్రం బిగించి, చట్రానికీ ఏసీకీ మధ్య రబ్బరు పట్టీలు పరిచాడు.

"వణుకంతా ఈ రబ్బరు తాగేస్తుందక్కా. ఇది పెట్టకపోతే చెక్క మోగుతుంది, చెక్కతో గోడ మోగుతుంది. మంచి ఏసీకి కూడా చెడ్డపేరు వస్తుంది."

వెనక భాగం బయటికి ఒక వేలు మందం వాలేలా పెట్టి, లోపల చేరే నీళ్ళు బయటికే జారాలని చెప్పాడు. పక్క జల్లెళ్ళు గోడలో కూరుకుపోకుండా గాలాడనిచ్చాడు. మిగిలిన సందులకు స్పాంజి కుక్కి, పైన ప్లైవుడ్ ముక్క కొట్టాడు. అంతా అయ్యాక ఆన్ చేశాడు.

ఆ గదిలోకి చల్లదనం, పడుకున్న పసివాణ్ణి దాటి వెళ్ళే తల్లిలా వచ్చింది. ఒళ్ళోని కుచ్చుల్లో ఒక్క పోగు కూడా లేవలేదు. దూరంగా, ఇంకెవరి ఇంట్లోనో తుమ్మెద తిరుగుతున్నంత చప్పుడు. జుట్టక్క వేళ్ళు చూసుకుంది. పొడిగా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఎండాకాలంలో ముడి జారలేదు.

"ఆన్ చేశారా?" అన్నాడు డ్రైవరు గుమ్మంలోంచి.

ఆమె ట్యూబులైటు వేసుకుని పనిలో కూర్చుంది. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. టీచరు ఇచ్చిన కుచ్చును బల్ల మీద పెట్టుకుని, నలుపులో నలుపు, గోధుమలో గోధుమ ఎంచి, నుదుటి వైపు మొదలుపెట్టింది. వెనక భాగం, నడినెత్తి మెకానిక్ రాకముందే అల్లేసింది. ఎప్పుడు పొద్దుపోయేదో తెలిసేది కాదు. వేళ్ళు ఎండాకాలాన్ని మరిచిపోయాయి. నుదుటి వరసలన్నీ ఆ ఊపులోనే, ఆ తెల్లని లైటు కిందే పూర్తయ్యాయి. చెవుల పైన తెల్లవి పెట్టేటప్పుడు ఆమె చిన్నగా కూనిరాగం తీసింది. అది విన్నది ఏసీ ఒక్కటే.

టీచరు వచ్చింది. చల్లగా ఉన్న గదిలోకి అడుగుపెట్టి, అబ్బ అని కళ్ళు మూసుకుంది. విగ్గు పెట్టి, అంచులు సర్ది, జుట్టక్క అద్దం ఇచ్చింది. టీచరు చూసుకుంది. మళ్ళీ చూసుకుంది.

"ఒక్కసారి ఎండలో చూసుకుంటానక్కా. బడి ఆవరణలో ప్రార్థన ఎండలోనే నిలబడి చేస్తాం."

ఇద్దరూ డాబా ఎక్కారు. తెల్లసున్నం మీద ఎండ కళ్ళు చెదిరేలా ఉంది. టీచరు చేతి అద్దం ఎత్తింది. నుదుటి మీది వరసలు రాగి తీగల్లా ఎర్రగా మెరిశాయి. వెనక జుట్టు ఒక మనిషిది, ముందు జుట్టు ఇంకో మనిషిది.

టీచరు అద్దం దించింది. "బాగుందక్కా," అంది. "ఫర్వాలేదు. నేను నీడలో నిలబడతాను లెండి."

జుట్టక్కకు ఆ మంచితనం చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"నీడలో ఎందుకు నిలబడతారు? మీరేం తప్పు చేశారు?" అంది. "ఇది ఇవ్వను నేను. మీరు ఎండలో నిలబడేది ఇస్తాను."

గదిలోకి వచ్చి, ఏసీ నిండిన కిటికీ వైపు చూస్తూ నిలబడింది. ఇన్నేళ్ళూ ఆ గరుకు గాజులోంచి వడకట్టుకుని వచ్చిన పగటి వెలుగు కిందే ఆమె రంగులు ఎంచింది. వెలుగు ఎప్పుడూ అక్కడే ఉండేది కనక దాన్ని పనిముట్లలో లెక్కపెట్టలేదు. సూది పోతే వెతుక్కునేది. వెలుగు పోతే తెలియలేదు.

"తప్పు నాదే," అంది భర్తతో. "చెవిని తీసుకుని షాపుకెళ్ళాను. కంటిని ఇంట్లో వదిలేశాను."

"డాబా మీద కూర్చుని రంగులు ఏరుకుని, కిందికొచ్చి అల్లుకోరాదూ?"

"ఒక్కసారి ఏరుకుంటే అయ్యే పనా? ప్రతి ముడికీ కంటితో చూసుకోవాలి. ఇంకో గోడకి పెట్టించాలి."

సందు వైపు గోడ ఉంది. దానికి అవతల ఆకాశం తప్ప ఇంకేం లేదు. కానీ గోడకు చిల్లు పెట్టాలంటే కింద వాటాలో ఉన్న ఇంటామెను అడగాలి. డ్రైవరు ముందు వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానే తిరిగొచ్చాడు.

"ఏమందండీ?"

"నాకు సగమే వినపడింది. ఆ సగమే చాలు."

జుట్టక్క తనే కిందికి వెళ్ళింది. ఇంటామె నల్లగా రంగు వేసిన జుట్టును బిగించి ముడి వేసుకుని, చాట ముందు పెట్టుకుని పప్పు ఏరుతోంది.

"గోడకి చిల్లేంటి అమ్మాయ్! రేపు వానొస్తే ఇల్లంతా ఊటబావి అవుతుంది. మా ఆయన కట్టించిన గోడ అది."

"పిన్నిగారూ, గోడ సంగతి తర్వాత. ఒక్కసారి పైకొస్తారా? మీతో పనుంది."

ఇంటామె మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కింది. జుట్టక్క ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, ట్యూబులైటు కింద అద్దం ఇచ్చింది.

"మీ జుట్టు ఏ రంగులో ఉంది?"

"నలుపు. కనపడట్లేదా? నెలనెలా నేనే వేసుకుంటాను."

"ఇప్పుడు డాబా మీదకి రండి."

డాబా మీద ఇంటామె అద్దంలో చూసుకుంది. వంకాయ తొక్క రంగులో ఒక మేఘం ఆమె తల చుట్టూ వెలుగుతోంది. ఆమె అద్దాన్ని దగ్గరకు, దూరానికి జరిపింది. తల అటూ ఇటూ తిప్పింది.

"ఇన్నేళ్ళూ వీధిలో నేను ఇలాగే తిరుగుతున్నానా?"

"అవును పిన్నిగారూ."

"ఒక్కళ్ళూ చెప్పలేదేం?"

"మీకు చెప్పే ధైర్యం ఎవరికుంది?"

ఇంటామె మూతి బిగించుకుంది. ఆ బిగింపు మెల్లగా వదులై, పొట్ట అదిరేలా నవ్వొచ్చింది. నవ్వు ఆగాక జుట్టక్క టీచరు సంగతి చెప్పింది. ఎవరో చెప్పకుండా, పిల్లల ముందు నిలబడాల్సిన మనిషి అని మాత్రం చెప్పింది. "మీరు ఇంట్లో అద్దం చూసుకుని బయటికెళ్ళినట్టే, ఆవిడ నా లైటుని నమ్మి వెళ్ళాలి పిన్నిగారూ."

ఇంటామె అద్దం తిరిగిచ్చింది. "చిల్లు చుట్టూ సిమెంటు గట్టిగా చేయించు. పైన ఒక రేకు పెట్టించు, వాన జల్లు కొట్టకుండా." రెండు మెట్లు దిగి ఆగింది. "నా తలకి ఏ రంగు వేసుకోవాలో కూడా చెప్పు. పగలు చూసి చెప్పు."

మెకానిక్ మళ్ళీ వచ్చాడు. తను బిగించిన మేకుల్ని తనే పీకుతూ గొణిగాడు. "ముందే చెప్పొచ్చుగా అక్కా."

"నాకు ముందే తెలిస్తే నీకు చెప్పకుండా ఉంటానా తమ్ముడూ?"

తవ్వకం మొదలవకముందే జుట్టక్క చెక్క తలనూ, కుచ్చులనూ, టీచరు కవరునూ దుప్పటిలో చుట్టి ఇంటామె గదిలో పెట్టింది. ఇటుక దుమ్ము మేడంతా పొగమంచులా నిండింది. సందు వైపు గోడలో, మనిషి తల కన్నా ఎత్తున చిల్లు పడింది. అంత ఎత్తున పెడితే గాలి ఇంకా నేరుగా కప్పు కిందికే పోతుందని మెకానిక్ చెప్పాడు. బయట ఇనప స్టాండు, దాని మీద చట్రం, మళ్ళీ రబ్బరు, మళ్ళీ వేలు మందం వాలు, చుట్టూ సిమెంటు, పైన రేకు. నీళ్ళు కారే గొట్టాన్ని డ్రైవరు బకెట్టులోకి తిప్పుకున్నాడు. ఆ నీళ్ళతో తన స్కూటరు కడుక్కోవడం ఆ ఎండాకాలం ఆయనకు పెద్ద ఉద్యోగమైంది.

గరుకు గాజు రెక్కలు కిటికీకి తిరిగి వచ్చాయి. వెలుగు, అలిగి పుట్టింటికెళ్ళి వచ్చిన మనిషిలా, మొదట గుమ్మం దగ్గర నిలబడి, తర్వాత బల్ల మీద తన చోటులో కూర్చుంది.

జుట్టక్క కత్తెర తీసుకుని నుదుటి వరసల ముడులన్నీ ఒక్కొక్కటే తెంపింది. ఆ తెంపడం చూడలేక డ్రైవరు బయటికెళ్ళిపోయాడు. ఆమె ముఖంలో మాత్రం విసుగు లేదు. తప్పుగా వేసిన ముడిని తెంపడం కూడా అల్లికలో భాగమే అన్నట్టు, వేసినంత నెమ్మదిగా తీసింది. తర్వాత కిటికీ వైపు తిరిగి, టీచరు కుచ్చును వెలుగులో పరిచి, మళ్ళీ మొదలుపెట్టింది. ఒక వెంట్రుకను ఎత్తి చూస్తుంది. కాదు. ఇంకొకటి. కాదు. ఇంకొకటి. అవును. ముడి. పొద్దువాలి గాజు పచ్చబడగానే ఆపేస్తుంది. ఎంత తొందరున్నా ట్యూబులైటు వెయ్యదు. రోజులు దగ్గరపడుతున్నాయని డ్రైవరు గోడమీది కేలండరు వైపు చూస్తాడు. ఆమె చూడదు.

బడి తెరవడానికి ముందురోజు టీచరు వచ్చింది. ఎండ ఇంకా పెళపెళలాడుతోంది. లోపల మాత్రం గది కొలను అడుగులా చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. గుమ్మం బయట ఇంకొకావిడ తన వంతు కోసం కూర్చుంది. తలుపు మూసుకుంది. టీచరు గుడ్డ విప్పి కూర్చుంది. జుట్టక్క విగ్గును రెండు చేతులా పట్టుకుని, నుదుటి నుంచి వెనక్కి మెల్లగా దించి, చెవుల దగ్గర సర్దింది. ఈసారి అద్దం చేతికివ్వలేదు. కుర్చీనే కిటికీ వైపు తిప్పి, పగటి వెలుగులో అద్దం పట్టుకుంది.

టీచరు చూసుకుంది. చెవుల పైన తెల్ల వెంట్రుకలు. వాటిని వేలితో తాకింది. పెదవులు కదిలాయి. చాలా చిన్న గొంతు.

"అక్కా, నాకు భయంగా ఉంది."

ఒక్క అక్షరం కూడా పోలేదు. అంతా వినపడింది. ఏళ్ళ కింద ఒక అద్దం ముందు పోగొట్టుకున్న మాట ఇది కాకపోవచ్చు. అయినా జుట్టక్క అద్దం పట్టుకున్న చెయ్యి కొంచెం దించింది.

"ఎవరంటే?" అంది తనూ అంతే మెల్లగా.

"తొమ్మిదో తరగతి. వెనక బెంచీ."

"వెళ్ళగానే ఏం చేస్తారు?"

టీచరు ఆలోచించింది. "ఒక లెక్క ఇచ్చేస్తాను. బాగా కష్టమైనది. గంట కొట్టేదాకా ఒక్కడూ తలెత్తడు."

"పాపం పిల్లలు."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు తలుపు దాటలేదు.

డాబా ఎక్కుదామా అని జుట్టక్క అడగలేదు. టీచరే లేచి, బ్యాగు తీసుకుని, "నేనిలాగే వెళ్తానక్కా. దారిలో ఎండలోనే చూసుకుంటాను," అంది. తలగుడ్డను మడత పెట్టి బ్యాగులో వేసుకుంది. తలుపు తీసి, బయట కూర్చున్నావిడకు చిన్నగా తల ఊపి, మెట్లు దిగింది.

జుట్టక్క కిటికీ రెక్క ఒకటి కొద్దిగా తెరిచి నిలబడింది. వేడి గాలి సన్నగా లోపలికి వచ్చినా మూయలేదు. కింద వీధిలో, అంచుల్లో కాస్త నీడ ఉన్నా, టీచరు నడిమధ్య నుంచే నడుస్తోంది. ఎండ ఆమె తల మీద పడి, ఎక్కడా ఎర్రబడకుండా, ఎక్కడా ఆగకుండా, నల్లగా జారింది. ఎదురుగా ఒక లారీ దూసుకుపోయింది. దుమ్ము లేచింది, గాలి కొట్టింది. టీచరు చెయ్యి పైకి లేచింది. 

ఆ చెయ్యి తలను అదిమి పట్టుకోలేదు. కళ్ళ మీద పడిన పాయను, విసుగ్గా, ఎప్పుడూ చేసే పనిలా, చెవి వెనక్కి తోసింది. అంతే. టీచరు మలుపు తిరిగింది.

"ఏసీ ఆపేశావా ఏంటి?" అన్నాడు డ్రైవరు గుమ్మంలో నిలబడి, గొంతు సగానికి దించి. "ఏమీ వినపడట్లేదు."

జుట్టక్క కిటికీ మూసింది. "నడుస్తోంది," అంది. "బయట ఉన్నావిడని లోపలికి రమ్మనండి. ఆవిడని ఎండలో కూర్చోబెట్టేశాం."